హూస్టన్ నగరమున జరిగిన టెన్నిసు పందెము

1973వ సంవత్సరము సెప్టెంబరు 20వ తేదీ రాత్రి అమెరికాలోని హూస్టన్ నగరమున, ఆస్ట్రోడోమ్ అను మహాక్రీడాభవనములో, ఒక టెన్నిసు పోటీ జరిగినది. ఒకవైపున 29 ఏండ్ల బిల్లీ జీన్ కింగ్. ఎదుటివైపున 55 ఏండ్ల బాబీ రిగ్స్. చూడవచ్చినవారు 30,472 మంది. ఒక టెన్నిసు ఆటకు అంతటి జనము చేరుట నాటికి అదియే మొదలు. టెలివిజనులో చూచినవారు ఆ దేశమందే 5 కోట్లనియు, లోకమంతటను కలిపి 9 కోట్లనియు అంచనా వేసిరి. ఈ పోటీనే కథావస్తువుగా గైకొని 2017లో ‘బ్యాటిల్ ఆఫ్ ది సెక్సెస్’ అను చిత్రమును తీసిరి. పేరునకు స్త్రీపురుషుల సమరమని అర్థము. జొనాథన్ డేటన్, వాలెరీ ఫారిస్ అను దంపతులు దానికి దర్శకులు. సైమన్ బ్యూఫాయ్ రచయిత. కింగ్ పాత్రను ఎమ్మా స్టోన్, రిగ్స్ పాత్రను స్టీవ్ కారెల్ ధరించిరి.

చిత్రము చూచి వెలుపలికి వచ్చినవానికి, ఆ ఒక్క రాత్రి గెలుపుతోనే క్రీడారంగమున స్త్రీలకు సమానత్వము సిద్ధించినదను భావము కలుగును. చరిత్ర అట్లు చెప్పుట లేదు. సమాన బహుమతి అను కోరిక ఒక గొప్ప పోటీలో అప్పటికే నెరవేరియుండెను. హూస్టనులో కింగ్ ఆడినది క్రొత్తగా ఏదో సంపాదించుటకు కాదు. ఎంతో శ్రమకోర్చి సంపాదించినది ఒక పందెగాని చేతిలో నవ్వులపాలు కాకుండ కాపాడుకొనుటకు. ఈ సంగతి గ్రహింపవలెనన్నచో కొన్ని యేండ్లు వెనుకకు పోవలెను.

1968 వరకు వింబుల్డన్ వంటి పెద్ద పోటీలలో వృత్తిగా ఆడువారికి ప్రవేశము లేదు. ఆ యేట తలుపులు తెరచిరి. గెలిచినవారికి సొమ్ము ఇయ్యసాగిరి. పురుషులలో గెలిచిన రాడ్ లేవరునకు 2,000 పౌనులు, స్త్రీలలో గెలిచిన కింగునకు 750 పౌనులు ముట్టినవి. ఇదియే నయమనిపించు రోజులు తరువాత వచ్చినవి. 1970లో రోము నగరపు పోటీలో పురుష విజేత నస్టాసేకు 3,500 డాలర్లు, స్త్రీ విజేతయైన కింగునకు 600. అదే యేట లాస్ ఏంజెలిస్ పోటీకి నిర్వాహకుడైన జాక్ క్రేమర్ పురుష విజేతకు 12,500 డాలర్లును, స్త్రీ విజేతకు 1,500 డాలర్లును ప్రకటించెను. జనము వచ్చునది పురుషుల ఆటకే గదా యనుట ఆ పక్షపు వాదము. క్రేమర్ సామాన్యుడు కాడు. తన కాలమున మేటి ఆటగాడు, వ్యవహారజ్ఞుడు. అందుచేతనే ఆ మాట అంత బలముగా తగిలినది.

‘వరల్డ్ టెన్నిస్’ పత్రికను నడుపుచుండిన గ్లాడిస్ హెల్డ్‌మన్ అను ఆమె అప్పుడు ముందుకు వచ్చి, హూస్టనులోనే స్త్రీలకు వేరొక పోటీ ఏర్పాటు చేసెను. మొత్తము బహుమతి సొమ్ము 7,500 డాలర్లు. 1970 సెప్టెంబరు 23వ తేదీన తొమ్మండుగురు క్రీడాకారిణులు ఆమెతో ఒక్కొక్క డాలరునకు ఒడంబడిక వ్రాసికొనిరి. అందు ఏడుగురు అమెరికా దేశస్థులు, ఇద్దరు ఆస్ట్రేలియా దేశస్థులు. అమెరికా టెన్నిసు సంఘమువారు ముందు బెదిరించిరి. పిదప అన్నంత పనియు చేసి తమ దేశపు క్రీడాకారిణులను సస్పెండు చేసిరి. ఆ ఒక్క డాలరు నోటును చేతబట్టుకొని వారు నవ్వుచు నిలిచిన ఛాయాచిత్రము నేటికిని కలదు. పెద్ద పోటీలలో తావు పోయినచో జీవనమే పోవునని ఎరిగియు సంతకము చేసినవారు వారు. నా మట్టుకు స్త్రీల టెన్నిసు చరిత్రలో ధైర్యము చూపిన దినమేదని అడిగినచో ఈ దినమునే చెప్పుదును. ఆస్ట్రోడోమ్‌లోని దీపకాంతి దీనికి లేదు. చిత్రమునందును దీనికి దక్కిన కాలము స్వల్పము. పైగా 1970నాటి ఈ కథను తెచ్చి 1973నాటి కథకు ఆనించి, రెండును ఒకే యేట జరిగినట్లు కూర్చినారు. చలనచిత్రమునకు అది సౌకర్యమే కాని, మూడేండ్ల పట్టుదల దానివలన కనబడకుండ పోయినది.

వీరి పోటీలకు ధనమిచ్చినది సిగరెట్ల కంపెనీ. ‘వర్జీనియా స్లిమ్స్’ అని స్త్రీల కొరకే చేసిన సిగరెట్టు పేరు ఆ పోటీలకు పెట్టిరి. ఊపిరి బలము మీద బ్రతుకు ఆటను పొగాకు సొమ్ము నిలబెట్టుట వింతయే. చిత్రము దీనిని హాస్యముగా తేల్చివేసినది. ఆనాడు మరెవ్వరును అంత సొమ్ము పెట్టుటకు రాలేదన్న మాట మాత్రము మరువరాదు. ఈ పోటీల మూలముననే 1971లో కింగ్ ఒక్క యేడాదిలో లక్ష డాలర్లకు పైగా ఆర్జించెను. క్రీడాకారిణులలో అంత ఆర్జించినది ఆమెయే మొదలు.

1972లో అమెరికా ఓపెన్ పోటీని గెలిచినందుకు కింగునకు 10,000 డాలర్లు ఇచ్చిరి, నస్టాసేకు 25,000. సొమ్ము సమానము కానిచో మరుసటి యేట రానని ఆమె చెప్పివేసెను. చెప్పి ఊరకుండలేదు, తగ్గిన సొమ్మును పూడ్చుటకు ఒక కంపెనీని ఒప్పించు యత్నమును చేసెను. 1973 జూన్ నెలలో లండనులోని గ్లాస్టర్ హోటలులో క్రీడాకారిణులను సమావేశపరచి స్త్రీల టెన్నిసు సంఘమును స్థాపించెను. జూలైలో అమెరికా ఓపెన్ నిర్వాహకులు ఇరువురకును సమాన బహుమతి ప్రకటించిరి. సెప్టెంబరు మొదటి వారములలో మార్గరెట్ కోర్టునకును జాన్ న్యూకోంబునకును చెరి 25,000 డాలర్లు ముట్టినవి. హూస్టన్ పందెమునకు అప్పటికి ఇంకను కొన్ని దినములు గడువున్నది.

ఇక రిగ్స్ సంగతి. 1939లో వింబుల్డనులో సింగిల్సు, డబుల్సు, మిశ్రమ డబుల్సు మూడును గెలిచిన ఘనుడతడు. పందెములు కాయుట అతనికి వ్యసనము; ఆ యేటి వింబుల్డనులో తన మీద తానే పందెము కాచి విశేషముగా గెలిచితినని చెప్పుకొనెడివాడు. ప్రాయము మీరిన పిమ్మట జనము తనను మరచుట సహింపలేక, స్త్రీలలో మేటి ఆటకత్తెనైనను ఈ వయస్సున ఓడింతునని చాటింపు వేసెను. కింగ్ పలుమారులు నిరాకరించెను. మార్గరెట్ కోర్ట్ అంగీకరించెను. 1973 మే 13న, అమెరికావారు మాతృదినముగా జరుపుకొను ఆదివారమున, కాలిఫోర్నియాలోని రమోనాలో ఆట జరిగినది. రిగ్స్ ముందుగా ఆమెకు పూలగుత్తి నిచ్చెను. ఆమె మర్యాదగా వంగి నమస్కరించెను. పిదప అతడు 6-2, 6-1తో ఆమెను చిత్తుచేసెను. ఆ యేట నాలుగు పెద్ద పోటీలలో మూడింటిని గెలిచిన క్రీడాకారిణి ఆమె!

ఇప్పుడు కింగునకు మరి దారి లేదు. ఒక ముదుసలి చేతిలో ఓడువారికి సమాన బహుమతి ఎందులకను ప్రశ్న రేపటి పత్రికలలో వచ్చునని ఆమెకు తెలియును. అంతకు ముందటి యేటనే, ప్రభుత్వ ధనము పొందు విద్యాసంస్థలలో స్త్రీలపట్ల భేదభావము కూడదని అమెరికాలో శాసనమైనది. ఆడపిల్లలకు బడులలోను కళాశాలలలోను క్రీడావసతులు కలుగవలసిన సమయమది. తాను ఓడినచో ఇదంతయు ఏబదియేండ్లు వెనుకకు పోవునని ఆమె భయపడెను.

పందెపు సొమ్ము లక్ష డాలర్లు, గెలిచినవారికే. ఆ రాత్రి వేడుకలు తిరునాళ్లను తలపించినవి. కింగును క్లియోపాత్రావలె పల్లకిలో కూర్చుండబెట్టి పురుషులు మోసికొనివచ్చిరి. రిగ్సును యువతులు రిక్షాలో లాగికొనివచ్చిరి. అతడు ఆమెకు పెద్ద మిఠాయి కాడ నొకదానిని బహూకరించెను. ఆమె అతనికి ఒక పందిపిల్లను ఇచ్చెను. స్త్రీలను చిన్నచూపు చూచు పురుషుని పందియని నిందించుట ఆనాటి అక్కడి వాడుక. ఒక్క విషయమున మాత్రము కింగ్ వేడుకలకు లొంగలేదు. టెలివిజనులో వ్యాఖ్యాతగా క్రేమర్ ఉన్నచో తాను ఆడనని పట్టుబట్టి, అతనిని తొలగింపజేసెను.

వలదగ్గరకు దూకి కొట్టుట ఆమెకు అలవాటైన ఆట. ఆ రాత్రి దానిని తగ్గించి, వెనుకగీత దగ్గర నిలిచి, బంతిని ఈ మూలకును ఆ మూలకును పంపుచు రిగ్సును పరుగులెత్తించెను. ఎత్తుగా లేపి వేయు బంతి, వల దాటగానే రాలిపడు బంతి అతని ఆయుధములు. రెండింటిని అందుకొనుటకు ఆమె సిద్ధపడియే వచ్చినది. కొంతసేపు పైకోటు విప్పకయే ఆడిన రిగ్స్, మొదటి సెట్టులో తొలుత ముందంజ వేసినను నిలువలేకపోయెను. అయిదు సెట్ల ఆటలో మూడు సెట్లు వరుసగా, 6-4, 6-3, 6-3తో ఆమె గెలిచినది. అతడు వల దాటి వచ్చి, నిన్ను తక్కువగా అంచనా వేసితినని ఒప్పుకొనెను.

రిగ్స్ కావలెననియే ఓడెనను పుకారు అప్పుడే పుట్టినది. 2013లో ఒక క్రీడావార్తాసంస్థ కథనముతో మరల లేచినది. రిగ్స్ జీవించియున్నంత కాలమును దానిని కాదనెను, కింగును నమ్మలేదు. నిజమునకు ఆటగా చూచినచో, 55 ఏండ్లవానిని 29 ఏండ్ల వీరవనిత ఓడించుటలో వింత లేదు. ఓడియున్నచో మాత్రము వింత కట్టుకథయై తరతరములకు ప్రాకెడిది.

చిత్రములో మెచ్చదగినది రిగ్స్ పాత్ర. అతనిని దుర్మార్గునిగా చూపలేదు. వెలుగు తగ్గిన వేషగానిగా చూపినారు. నవ్వుచు మర్యాదగా మాటలాడు క్రేమరే అసలు ప్రతిపక్షియని గుర్తించుట సూక్ష్మదృష్టి. మార్గరెట్ కోర్టునకు మాత్రము న్యాయము జరుగలేదు. 1972లో బిడ్డను కని, మరుసటి యేటనే మూడు పెద్ద పోటీలు గెలిచిన తల్లి కథ, ఆమె ముఖమున పెట్టిన చిట్లింపులో మరుగుపడినది. ఇక వివాహితయైన కింగ్ మరియొక స్త్రీని ప్రేమించిన ఘట్టమును చిత్రము గౌరవముగా చూపినది. ఆ రహస్యము 1981లో ఒక వ్యాజ్యముతో బయటపడగా, ఆమెతో ప్రకటనల ఒప్పందములు చేసికొన్న కంపెనీలు ఆమెను విడిచిపోయినవి. ఈ చిత్రము విడుదలైన యేటనే, తనతో సమానముగా ఉండుటకై కొందరు సహనటులు తమ పారితోషికము తగ్గించుకొనిరని ఎమ్మా స్టోన్ చెప్పుట గమనింపదగినది.

లండను హోటలులో పుట్టిన ఆ సంఘపు పోటీ తరువాతి కాలమున మన హైదరాబాదునకును వచ్చినది. 2005లో అచ్చటనే గెలిచి, ఆ సంఘపు సింగిల్సు పోటీలో విజయము పొందిన మొదటి భారతీయ వనిత సానియా మీర్జా అయ్యెను. వింబుల్డన్ మాత్రము అందరికన్న వెనుకబడినది. వీనస్ విలియమ్స్ ఎంతో వాదించిన పిమ్మట 2007లో ఆమెకును రోజర్ ఫెదరరునకును అచ్చట చెరి 7,00,000 పౌనులు ఇచ్చిరి.