అరిసె ఒక ఇంటి వంట కాదు

సంక్రాంతి వారం రోజుల్లోకి వచ్చేసరికి ఏటా ఒక బెంగ మొదలవుతుంది. ఇళ్లలో పిండివంటలు చేసేవాళ్లు లేరు, అరిసెలూ జంతికలూ కొట్లోంచి పొట్లాలుగా వస్తున్నాయి, సంప్రదాయం చేజారిపోయింది అని. ఈ బెంగ వెనక ఎవరూ పైకి చెప్పని ఊహ ఒకటుంది: ఒకప్పుడు ప్రతి ఇల్లాలూ తన వంటింట్లో, తన చేతులతో, తన వాళ్ల కోసం ఈ వంటలన్నీ వండేదని. ఆ ఊహ మీదే నాకు అనుమానం. అరిసె తయారయ్యే తీరు చూసినా, అది ఎవరెవరికి చేరేదో చూసినా, ఒక ఇంటివాళ్లు ఒంటరిగా వండుకునే వంటలా కనిపించదు. ఒక్క ఆడమనిషి ఒక్క పొయ్యి దగ్గర నిలబడి పండుగ వంటంతా ముగించడం ఇరవయ్యో శతాబ్దం తెచ్చిన ఏర్పాటు. పిండిమర, గ్యాసుపొయ్యి, అచ్చయిన వంటల పుస్తకం కలిసి దాన్ని సాధ్యం చేశాయి. కొట్టు మింగేసిందని మనం బాధపడుతున్నది ఆ కొద్దికాలపు ఏర్పాటునే.

ముందు వంట సంగతి చూద్దాం. అరిసెలకు బియ్యం కనీసం ఒక రాత్రంతా నానాలి. నీళ్లు వంచేసి, గుడ్డ మీద కాసేపు ఆరబోసి, తడి పూర్తిగా పోకముందే దంచి జల్లించాలి. పిండిలో తేమ నిలవాలి. ఆరిపోతే అరిసె గట్టిపడుతుంది, లేదా నూనెలో విచ్చిపోతుంది. అందుకే జల్లించిన పిండిని గిన్నెలో అదిమి తడిగుడ్డ కప్పుతారు. ఇంకోవైపు బెల్లం పాకం మరుగుతూ ఉంటుంది. నీళ్లలో చుక్క వేస్తే మెత్తని ఉండ కట్టే అదను ఒకటుంది, అది దాటితే పాకం ముదిరిపోతుంది. అదను రాగానే ఒకరు పిండి పోస్తుంటే ఇంకొకరు గడ్డలు కట్టకుండా తెడ్డుతో కలపాలి. ఆ చలిమిడి వేడి తగ్గకముందే ఒకరు తట్టాలి, ఒకరు వేయించాలి, ఇంకొకరు వేగినదాన్ని రెండు గరిటెల మధ్యో అరిసెల చెక్కల మధ్యో నొక్కి నూనె పిండాలి. దంపుడూ పాకమూ ఒకదాని వెంట ఒకటి ఆగకుండా నడవాలి. రోటి దగ్గర ఇద్దరు ఎదురెదురుగా నిలబడి రోకళ్లు మార్చిమార్చి వేసేవారు. దంపుళ్ల పాటలనే ఒక పాటల కోవే ఆ లయ మీద పుట్టింది. ఇన్ని చేతులు ఒక ఇంట్లో దొరకాలంటే అది పెద్ద ఉమ్మడి కుటుంబమైనా కావాలి, ఇరుగుపొరుగు వచ్చైనా కూర్చోవాలి. పాకం పట్టడం తెలిసిన చెయ్యి వీధికి ఒకటో రెండో ఉండేవి, ఆ పెద్దామె కుదిరిన రోజే ఆ ఇంట అరిసెల రోజు.

తెలంగాణలో సకినాలకు పాకం గొడవ లేదు, చేతుల అవసరం మాత్రం అంతకంటే ఎక్కువ. కొత్త బియ్యప్పిండిలో నువ్వులు, వాము, ఉప్పు కలిపి, అచ్చూ గొట్టమూ లేకుండా వేళ్ల మధ్య సన్నగా జారవిడుస్తూ గుడ్డ మీద చుట్లు చుట్టాలి. ఆ చుట్లు కాస్త ఆరాక, విరగకుండా ఎత్తి నూనెలోకి జార్చాలి. గంపెడు సకినాలంటే ఒక్క మనిషి నడుము పట్టేసే పని. అందుకే వాడకట్టులోని ఆడవాళ్లంతా ఒక ఇంట చేరి చుట్టడం, మర్నాడు ఇంకో ఇంటికి మారడం అక్కడ మామూలు. దీన్ని బదులు పని అనవచ్చు, నాట్లప్పుడు చేసుకున్నట్టే.

ఇక వండినది ఎక్కడికి పోయేది? అరిసె రెండు మూడు వారాలు నిలవ ఉంటుంది. ఇంట్లో వాళ్లు ఆ పూటకు తినడానికే అయితే అంత నిలవ ఉండే తీపితో పనేముంది? బూరెలూ పాయసమూ ఆ పనికి ఉండనే ఉన్నాయి. నిలవ వంట పంచడానికి, పంపడానికి. కూతురికి పంపే సారెలో అరిసెలు ఉంటాయి. బిడ్డ తొలి అడుగులు వేస్తే అరిసెలు పంచుతారు. సకినాలు వియ్యాలవారింటికి గంపల్లో వెళతాయి, అక్కణ్ణించి ఆ ఊరి వాడకట్టంతా చేరతాయి. కొలత కూడా అలాగే ఉండేది: ఇన్ని అరిసెలు అని ఎవరూ అనరు, మానికెడు బియ్యం, కుంచెడు బియ్యం అంటారు. సంక్రాంతి నాటికి కొత్త ధాన్యం గాదెకు చేరి ఉంటుంది, చెరకు గానుగలు ఆడుతుంటాయి, అనకాపల్లి లాంటి చోట్ల కొత్త బెల్లం సంతకు వస్తుంటుంది. చేతి నిండా పంట ఉన్న ఆ నాలుగు వారాల్లో దాన్ని చుట్టాలకీ ఊరికీ చేర్చే దారి ఈ పిండివంట.

ఈ తీపికి లిఖిత సాక్ష్యం ఇంటికంటే గుడిలోనే తేలిగ్గా దొరుకుతుంది. తిరుమల ఆలయ గోడల మీది విజయనగర కాలపు తమిళ శాసనాల్లో అప్పం, వడ, సుఖియం, మనోహరంతో పాటు అతిరసం కూడా నైవేద్యంగా కనిపిస్తుంది. అది మన అరిసెకు దగ్గరి చుట్టమే. ఏ నైవేద్యానికి ఎంత బియ్యం, ఎంత నెయ్యి, ఎంత బెల్లం, ఎన్ని మిరియాలు ఇవ్వాలో కూడా ఆ శాసనాలు రాసిపెట్టాయి. నివేదన అయ్యాక నాలుగో వంతు దాతకు చెందుతుందనీ చెప్పాయి. గుడి వంట లెక్క ఇంటి వంటకు సాక్ష్యమెలా అవుతుందని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఇళ్లలో ఏం జరిగేదో ఆ రాళ్లు చెప్పవు. ఈ తీపి కనీసం ఐదు వందల ఏళ్ల కిందటే పెద్ద ఎత్తున, జీతానికో వంతుకో పనిచేసే చేతుల మీదుగా, పంపకం కోసం తయారయ్యేదని మాత్రం చెబుతాయి. డబ్బు తీసుకుని వేరొకరు వండిపెట్టడం దీని పుట్టుకకే విరుద్ధమనే వాదన అక్కడితో నిలవదు.

ఇంతకంటే గట్టి అభ్యంతరం ఇంకోటుంది. ఊరంతా కలిసి వండారనడం తీయగానే ఉంటుంది, ఆ కలయికలో ఎవరెవరు ఉన్నారు? కలిగిన ఇళ్లలో దంపుడు పని చేసింది చాలాచోట్ల కూలి ఆడవాళ్లే, వాళ్లకు ముట్టింది నూకలూ తవుడూ, ఏవో కొన్ని గింజలు. మడి కట్టుకున్న పొయ్యి దగ్గరికి వాళ్లకు ప్రవేశం లేదు. పంపకానికీ కులం గీతలుండేవి; కొందరి అరిసె పళ్లెంలో వెళ్లేది, కొందరి అరిసె పెరటి గుమ్మం దగ్గర చేతిలో పడేది. ఇదంతా నిజం. పాత పద్ధతి మంచిదని నేననడం లేదు. అయితే ఈ అభ్యంతరం నా మాటకే బలమిస్తుంది: ఇంటావిడ చేతివంటగా మనం గుర్తుపెట్టుకున్న దానిలో సగం శ్రమ ఆ ఇంటిది కాదు, పేరు మాత్రం ఆ ఇంటికి దక్కింది.

ఆ చేతుల అవసరం తగ్గించింది మరలు. గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట 1852లో, కృష్ణ మీద బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయ్యాక డెల్టాల్లో వరి పెరిగింది, తరువాత బియ్యం మరలు వచ్చాయి. పల్లెలకు కరెంటు వచ్చాక పిండిమరలూ వచ్చాయి. ఇవాళ్టికీ పండుగ ముందు తడిబియ్యం గిన్నెలతో మర దగ్గర వరస కడతారు. రోకలి పోవడంతో ఇద్దరు ముగ్గురి పని తగ్గింది, వాళ్లతో పాటు పాటలూ పోయాయి. గ్యాసుపొయ్యితో మంట చూసే మనిషి అక్కర్లేకపోయింది. ఉద్యోగాలకు పట్నం చేరిన చిన్న కుటుంబంలో పాకం చూసిపెట్టే పెద్దామె లేదు, ఆమె స్థానంలోకి పుస్తకం వచ్చింది. మాలతీ చందూర్ ‘వంటలు - పిండివంటలు’ మళ్లీమళ్లీ అచ్చుకావడానికి ఆ ఖాళీ ఒక కారణమని నేననుకుంటాను. కుంచెడు బియ్యం కాస్తా గ్లాసుల లెక్కకు దిగింది. గ్లాసు కొలతకు దిగాకే ఒక్క మనిషి అరిసెలు వండగలిగింది, నలుగురికి పంచే అరిసె నలుగురున్న ఇంటి అరిసె అయింది. నూనె మారినప్పుడు ఇంత బెంగ పుట్టకపోవడం విచిత్రం: నువ్వుల నూనె స్థానంలోకి దక్షిణ అమెరికా నుంచి వచ్చిన వేరుశనగ నూనె వచ్చింది, తరువాత పొద్దుతిరుగుడు వచ్చింది. జంతికల్లోని కారమూ అమెరికా ఖండాల నుంచి పోర్చుగీసువాళ్ల ద్వారా వచ్చిందే.

కొట్టు విషయంలో ఒక్క ఫిర్యాదు మాత్రం ఒప్పుకోదగ్గది. కొన్న పొట్లం ఎక్కువగా కొన్నవాళ్లింట్లోనే ఆగిపోతుంది, చుట్టుపక్కలకు వెళ్లడం తగ్గింది. అయితే చేతుల మాటకొస్తే, అవి కనబడకుండా పోలేదు. తెలంగాణలో సకినాలు చుట్టడానికి ఆడవాళ్లను కూలికి పిలుచుకునే ఇళ్లున్నాయి. గోదావరి డెల్టాలోని ఆత్రేయపురంలో బోర్లించిన కుండ మీద పూతరేకులు తీసే పని ఇంటింటి ఆడవాళ్లకు జీవనోపాధి. ఆ పేరుకు 2023లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అమెరికాలోని తెలుగువాళ్లకు పండుగ ముందు పార్సిళ్లలో వెళ్లే అరిసెలు కూడా ఇలాంటి చేతులు వండినవే. భౌగోళిక గుర్తింపు ఊరి పేరును కాపాడుతుంది కానీ కుండ ముందు పొద్దంతా సెగకు కూర్చునే మనిషికి ఎంత ముట్టాలో చెప్పదు. దంపుడుకు తవుడు ముట్టిన రోజుల నుంచీ ఈ వంటలో తేలని లెక్క అదే, కొట్టు వచ్చాక అది రూపాయల్లోకి మారింది.