వరి ధాన్యం ఆరబెట్టు యంత్రం

కోసిన ధాన్యములోని అధిక తేమను వేడిగాలితో తొలగించు సాధనమును ధాన్యం ఆరబెట్టు యంత్రం లేదా డ్రైయరు అంటారు. రైసు మిల్లులలో వాడు పెద్ద యంత్రములు ఖరీదైనవి. చిన్న రైతు గాని, నలుగురైదుగురు రైతులు కలిసి గాని సమకూర్చుకోదగిన చౌక రకముల గురించి ఈ వ్యాసంలో వివరింపబడినది.

అవసరం

గుంటూరు, ప్రకాశం ప్రాంతములనగానే మిరప, ప్రత్తి గుర్తుకు వస్తాయి. కాని కృష్ణా పశ్చిమ డెల్టాలోను, నాగార్జునసాగర్ కుడికాలువ క్రింద కూడ వరి విస్తారంగా పండుతుంది. సార్వా పంట కోతలు నవంబరు, డిసెంబరు నెలలలో, అనగా తుఫానుల కాలంలోనే వస్తాయి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల సమీపంలో తీరం దాటినపుడు కోతకు వచ్చిన చేలు, పనలు, కల్లాలలోని ధాన్యం నీట మునిగాయి.

పూర్వం కొడవలితో కోసి, పనలను మూడు నాలుగు రోజులు చేలో ఆరనిచ్చి, కుప్ప వేసి, తీరిక చూసుకొని నూర్చేవారు. కుప్పలో గింజ నెమ్మదిగా ఆరేది. నిజానికి కుప్పయే ఆనాటి డ్రైయరు. కోత యంత్రము వచ్చిన తరువాత కోత, నూర్పిడి ఒక్క గంటలో ముగుస్తున్నాయి గాని, 20 నుండి 25 శాతం తేమ ఉన్న పచ్చి ధాన్యం ఒక్కసారిగా రైతు మీద పడుతున్నది. ప్రభుత్వ కొనుగోలుకు తేమ 17 శాతం మించరాదు. నిల్వకు 14 శాతం లోపు ఉండవలెను. కల్లము లేని రైతు రహదారి మీద పరదాలు పరచి ఆరబోస్తాడు. మబ్బు పట్టినచో ప్రోగుచేసి కప్పవలెను. కప్పిన రాశి లోపల వేడెక్కి గింజ రంగు మారుతుంది, మొలక కూడ వస్తుంది. కౌలు బస్తాల లెక్కన ముందే ఖరారగుట వలన ఈ నష్టం తరచుగా కౌలుదారు మీదనే పడుతుంది. పనల మీద ఉండగా వాన కురిసిన, మొలక రాకుండ లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి చల్లుట వ్యవసాయ శాస్త్రజ్ఞులు చెప్పు ఉపాయము. నూర్చిన ధాన్యమునకు మాత్రం ఆరబెట్టుటయే మార్గం.

పనిచేయు విధానం

గాలిని వేడిచేసినపుడు అందులోని ఆవిరి పెరగదు, కాని మరింత ఆవిరిని పట్టుకొను శక్తి పెరుగుతుంది. ముసురు గాలిని పది డిగ్రీలు వేడిచేసిన చాలు, దాని సాపేక్ష ఆర్ద్రత ఇంచుమించు సగానికి దిగుతుంది. అందువలన వానలో సైతం ఈ యంత్రం పనిచేస్తుంది.

మిక్కిలి సరళమైనది పరుపు రకం. ఇటుకలతో కట్టిన తొట్టిలో చిల్లుల రేకును రెండవ అడుగుగా అమర్చి, దానిపై అడుగు, అడుగున్నర మందాన ధాన్యం పోస్తారు. ఊక మండు పొయ్యి నుండి వచ్చు వేడిని పంకా ఆ రేకు క్రిందికి నెడుతుంది. అడుగునున్న గింజ ముందుగా, పైగింజ చివరగా ఆరుతాయి గనుక నడుమ తిరగబోయవలెను. విత్తనపు ధాన్యమునకు వేడి 43 డిగ్రీల సెంటీగ్రేడు దాటరాదు. తొందరపడి వేడి పెంచినచో గింజలో పగుళ్ళు ఏర్పడి మరలో నూక పెరుగుతుంది. రోడ్డు మీది మండుటెండలో జరుగునదీ ఇదే.

వియత్నాంలోని హోచిమిన్ నగర వ్యవసాయ, అటవీ విశ్వవిద్యాలయం వారు 1990ల మధ్యలో ఇంకను చౌకైన యంత్రం రూపొందించారు. అందులో వెదురు తడికల గుండ్రని గాదె, మధ్యన గాలి గొట్టం, అర అశ్వశక్తి పంకా, ఒక కిలోవాటు విద్యుత్ హీటరు మాత్రమే ఉంటాయి. టన్ను ధాన్యం ఆరుటకు కొన్ని రోజులు పడుతుంది గాని ధాన్యం చెడదు. దీని పోలికలోనే బంగ్లాదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వారు రూపొందించిన యంత్రం సుమారు 500 కిలోల ధాన్యమును కొద్ది గంటలలోనే ఆరబెడుతుంది.

ఒక లెక్క

24 శాతం తేమ గల 1000 కిలోల ధాన్యంలో పొడి పదార్థం 760 కిలోలు. తేమను 14 శాతానికి దించిన బరువు సుమారు 884 కిలోలు అగును. అనగా 116 కిలోల నీరు పోవలెను. ఇందుకు పొయ్యి నాణ్యతను బట్టి 50, 60 కిలోల ఊక చాలును. ఆ ధాన్యం మరాడించిన 200 కిలోల వరకు ఊక వస్తుంది గనుక ఇంధనమునకు కొరత లేదు. చిక్కేమనగా ఊక మిల్లు వద్ద ఉండును, పచ్చి ధాన్యం చేలో ఉండును.

బరువు తగ్గుట మరొక చిక్కు. తేమ చూడకుండా తూకం వేసుకొను వ్యాపారికి అమ్మినచో, ఆరబెట్టిన రైతు 75 కిలోల బస్తాల లెక్కన బస్తాన్నర కోల్పోయినట్లే. తేమకు తగిన ధర ఇచ్చు చోటనే డ్రైయరు గిట్టుబాటగును. ఏడాదిలో కొద్ది వారాలే పని ఉండుట వలన ఒక్కరు కొనుటకంటె ఊరుమ్మడిగా ఉంచుకొనుట మేలు.

మిరపకు వాడవచ్చునా?

మిగిలిన నెలలలో ఇదే తొట్టిలో మిరపకాయలు ఆరబెట్టవచ్చునని కొందరి ఆలోచన. సాధ్యమే గాని ఖర్చు వేరు. 70 శాతం తేమ గల టన్ను పండు మిరపను 11 శాతానికి తెచ్చుటకు 660 కిలోలకు పైగా నీరు తొలగించవలెను. ఇది ధాన్యంతో పోల్చిన అయిదు రెట్లకు మించినది. పైగా పొగ తగిలిన రంగు, వాసన చెడతాయి. ఎండకు కొదువలేని ఫిబ్రవరి, మార్చి నెలలలో మిరపకు కల్లమే చౌక. అకాల వర్షపు రోజులలో, బూజు పట్టకుండ పైతేమ లాగుటకు మాత్రం పనికివచ్చును. వేడిగాలితో పంట ఆరబెట్టుట ఈ సీమకు క్రొత్త కాదు. ప్రకాశం జిల్లాలో వర్జీనియా పొగాకును బ్యారన్లలో పక్వం చేయుట ఈ విధానమే.

బాపట్లలోని డాక్టర్ ఎన్.టి.ఆర్. వ్యవసాయ ఇంజనీరింగు కళాశాలలో ఇట్టి యంత్రములకు సంబంధించిన విద్య బోధింపబడుచున్నది.