నల్లా రూపాయికే, మరి మిగతా ఖర్చు దేనికి?

మహబూబ్‌నగర్‌లో కొత్త ఇల్లు కట్టుకున్నవాళ్లు నల్లా కోసం తిరగడం మొదలుపెడితే ముందు వినపడే మాట ‘రూపాయికే కనెక్షన్’. ఆ మాట నిజమే. మిషన్ భగీరథ వచ్చాక తెలంగాణ ప్రభుత్వం పేద కుటుంబాలకు కనెక్షన్ ఫీజును రూపాయికి తగ్గించింది. అయితే రూపాయి అన్నది ఆ ఫీజు ఒక్కదానికే. గల్లీలోని పైపు నుంచి ఇంటి గోడ దాకా నీళ్లు రావడానికి అయ్యే ఖర్చు వేరే ఉంటుంది. మధ్యవర్తులు ఈ రెండింటినీ కలిపి ఒకే మొత్తం చెప్తారు కాబట్టే జనం మోసపోతారు.

కనెక్షన్ ఫీజు, డిపాజిట్ మున్సిపల్ ఖాతాలో జమ అవుతాయి, వాటికి రశీదు వస్తుంది. దరఖాస్తుకు ఇంటి నంబరు, ఆస్తి పన్ను రశీదు, ఆధార్ అడుగుతారు. పేదల కోటాలో అయితే రేషన్ కార్డు కూడా. పన్ను బాకీ ఉంటే దరఖాస్తు అక్కడే ఆగే అవకాశం ఎక్కువ, అందుకే ముందు అది తేల్చుకుని వెళ్లడం మేలు.

అసలు బరువు రోడ్డు కటింగ్ దగ్గర పడుతుంది. మట్టి రోడ్డు తవ్వితే పెద్ద ఖర్చు కాదు. తారు రోడ్డు, సీసీ రోడ్డు తవ్వితే దాన్ని మళ్లీ పూడ్చి బాగుచేసే ఖర్చు ఇంటివాళ్లే కట్టాలి. రోడ్డు రకాన్ని బట్టి, తవ్వే పొడవును బట్టి లెక్క వేస్తారు. మెయిన్ పైపు గల్లీకి అవతలి పక్కన ఉంటే రోడ్డు మొత్తం అడ్డంగా తవ్వాలి, ఇవతలి పక్కన ఉన్న ఇంటికి మూడు నాలుగు అడుగులతో పని అయిపోతుంది. ఒకే గల్లీలో ఇద్దరికి రెండు రకాల బిల్లు రావడానికి కారణం ఇదే. జడ్చర్ల నుంచి రాయచూర్ వైపు వెళ్లే 167వ నంబరు జాతీయ రహదారి పట్టణం మీదుగానే పోతుంది. దాని పక్కన ఇల్లు ఉండి రోడ్డు తవ్వాల్సి వస్తే మున్సిపల్ అనుమతి ఒక్కటే చాలదు, ఆ రోడ్డు శాఖ అనుమతి కూడా కావాలి.

కాబట్టి గల్లీలో సీసీ రోడ్డు పడబోతోందని తెలిస్తే, ఇల్లు పునాదుల్లో ఉన్నా సరే, పైపు ముందే వేయించుకోవడానికి దరఖాస్తు పెట్టాలి. నలుగురు ఇరుగుపొరుగు కలిసి పెడితే తవ్వకం ఒక్కసారితో పోతుంది.

మూడోది సామాను, కూలి. అరంగుళం పైపు, మెయిన్ పైపుకు బిగించే ఫెర్రూల్, కాక్, ప్లంబర్ మజూరీ. ఇది బయటి ఖర్చు, ఆఫీసులో కట్టేది కాదు. ‘అన్నీ కలిపి ఇంత’ అని ఎవరైనా చేతికి అడిగితే అందులో ఆఫీసు రశీదు వచ్చేది ఎంత అని అడిగి తీసుకోవాలి. రశీదు లేని నల్లా అక్రమ కనెక్షన్ కిందికే వస్తుంది, ఎప్పుడైనా కోసేయొచ్చు.

ఇంకో అనుమానం చాలామందికి ఉంది. ఆస్తి పన్నులో నీటి పన్ను ఉండగా నల్లా బిల్లు మళ్లీ ఎందుకు? 1965 నాటి మున్సిపాలిటీల చట్టంలోనే ఆస్తి పన్నులో నీరు, డ్రైనేజీ, దీపాల పద్దులు కలిపారు. అది ఇంటి విలువ మీద వేసే పన్ను. నల్లా బిల్లు వాడకానికి కట్టే ఛార్జీ. చదవడానికి ఒకేలా ఉన్నా రెండూ వేర్వేరు పద్దులు.

ఇక మోరీ సంగతి. మహబూబ్‌నగర్ దశాబ్దాలుగా సెప్టిక్ ట్యాంకుల మీద, తెరిచిన మోరీల మీద నడిచిన పట్టణం. అమృత్ పథకం పట్టణాల్లో ఇది ఉంది, 2025లో కార్పొరేషన్ కూడా అయింది. భూగర్భ డ్రైనేజీ ఏ గల్లీకి వచ్చినా రోడ్డు కింది పెద్ద పైపు ఖర్చు సర్కారుది. ఇంటి నుంచి రోడ్డు చాంబర్ దాకా పైపు మాత్రం మామూలుగా ఇంటివాళ్ల నెత్తినే పడుతుంది. పాత ఇళ్లలో పాయిఖానా, ట్యాంకు వెనక ఉంటాయి, రోడ్డు ముందు ఉంటుంది. నాలుగంగుళాల పైపును వాలుగా ముందుకు తేవాలంటే ఇంటి మధ్య గచ్చు పగలాలి. చాలా ఇళ్లలో ఈ పని ఖర్చు ఫీజును మించిపోతుంది. ఇప్పుడు కట్టుకునేవాళ్లు ముందు వైపుకు ఒక పైపు వేసి మూత బిగించి పెట్టుకుంటే ఆ గోల తప్పుతుంది.

పెద్ద పైపు ఖర్చు అన్ని చోట్లా సర్కారు మోయదు. అమెరికాలోని మేరీలాండ్‌లో కొన్ని కాలనీల్లో ఇంటి ముందు పొడవును అడుగుల్లో కొలిచి, ఏళ్ల తరబడి పన్ను బిల్లుతో పాటే వసూలు చేస్తారు. ఇక్కడ అనుమతి ఉన్న లేఅవుట్‌లో అయితే అది ప్లాటు ధరలోనే కలిసిపోయి ఉంటుంది. అనుమతి లేని లేఅవుట్‌లో ప్లాటు సస్తాగా దొరికిందంటే ఒక కారణం, ఆ పైపులు అక్కడ లేకపోవడమే.

హైదరాబాద్‌లోని చుట్టాలకు నెలకు 20 వేల లీటర్లు ఉచితం కదా అని ఇక్కడివాళ్లు అడుగుతుంటారు. 2021 జనవరిలో మొదలైన ఆ పథకం అక్కడి జలమండలిది, గ్రేటర్ పరిధికే. పాలమూరుకు వర్తించదు. అక్కడ బిల్లు వచ్చేవాళ్లకు నీటి ఛార్జీ మీద మురుగు సెస్సు అదనంగా పడుతుంది.

అన్నదమ్ములు పంచుకున్న ఇళ్లలో చిక్కు వేరు. అబ్బాజాన్ పేరు మీద ఒకే ఇంటి నంబరు, ఒకే నల్లా ఉంటుంది. విడిగా నల్లా కావాలంటే ముందు పంపకం కాగితంతో మ్యుటేషన్ చేయించుకుని, వేరే ఇంటి నంబరు తీసుకోవాలి. ఆ తర్వాతే నల్లా దరఖాస్తు. పాత నల్లా మీద బాకీ ఉంటే అది ఎవరి వాటాలోకి పోవాలో పంపకం రోజే రాసుకోవాలి.