నాలుగున్నర శ్రుతి పాటగాడు

న్యూయార్క్ చైనాటౌన్‌లోని పెల్ స్ట్రీట్. 1907. ఆఖరి తాగుబోతు కూడా వెళ్లిపోయాక పెల్హామ్ కెఫేలో బల్లలు తుడిచిన కుర్రాడు పియానో ముందు కూర్చున్నాడు. పేరు ఇజ్రాయెల్ బేలిన్. పాటలు పాడుతూ గిరాకీలు విసిరే చిల్లర ఏరుకునే వెయిటరు. ఐదేళ్లప్పుడు రష్యా నుంచి వలస వచ్చాడు. తండ్రి పోయాక చిన్నతనంలోనే ఇల్లు వదిలాడు. సంగీతం చెప్పిన గురువంటూ లేడు. వేళ్లు నల్ల మెట్ల మీదే తిరుగుతున్నాయి. ఆ శ్రుతి ఎఫ్ షార్ప్, మన హార్మోనిస్టుల లెక్కలో నాలుగున్నర శ్రుతి. ఆ ఏడాది అచ్చయిన తొలి పాటకి అతని వాటా అర డాలరు కూడా లేదు. పేరు మాత్రం బెర్లిన్ అని పడింది. ఇర్వింగ్ బెర్లిన్!

1911లో ‘అలెగ్జాండర్స్ రాగ్‌టైమ్ బ్యాండ్’ అమెరికాని ఊపేసింది. అయినా ఆ వేళ్లు ఎఫ్ షార్ప్ దాటలేదు. పాడేవాళ్లందరికీ ఆ శ్రుతి కుదరదు కదా! అందుకే మీట ఉన్న పియానో వాడాడు. మీట తిప్పితే లోపలి అమరిక పక్కకి జరుగుతుంది. నొక్కేది పాత మెట్టే, మోగేది వేరే తీగ.

ఇవాళ పెళ్లి ఆర్కెస్ట్రాలో ట్రాన్స్‌పోజ్ బటన్ చేసేదీ ఇదే. 1983లో ఎలక్ట్రానిక్ వాద్యాల ఉమ్మడి భాష మిడి వచ్చాక ప్రతి స్వరం ఒక అంకె అయింది. నడిమి సి 60, దాని పై ఎఫ్ షార్ప్ 66. పాటలోని ప్రతి అంకెలోంచీ ఆరు తీసేస్తే చాలు, పాట ఒకటో శ్రుతికి దిగుతుంది.

మీట శ్రుతి మారుస్తుంది గానీ కార్డ్ వెతకదు. కార్డ్ అంటే రాగం కింద ఒక్కసారే మోగించే స్వరాల గుత్తి. బెర్లిన్‌కి నొటేషన్ రాదు, రాసిపెట్టే సహాయకులుండేవారు. ఆ గదిని ఊహించుకుంటే నాకు ఒళ్లు పులకరిస్తుంది. బెర్లిన్ పాడతాడు. సహాయకుడు కార్డ్ వేస్తాడు. ఊహూఁ. ఇంకొకటి. అదీ కాదు. వేరే ఏమైనా ఉందా? దాని పేరేమిటో బెర్లిన్‌కి తెలియదు, కానీ చెవిన పడగానే పట్టేస్తాడు.

ఆ సహాయకుడి పనిలో కొంత ఇప్పుడు సాఫ్ట్‌వేర్ చేస్తోంది. 1990లో కెనడా నుంచి వచ్చిన బ్యాండ్-ఇన్-ఎ-బాక్స్ లాంటి వాటిలో కార్డ్‌లు టైపు చేసి బదులు కార్డ్ వెతుక్కోవచ్చు. జి సెవెన్ కార్డ్ ఉన్నచోట డి ఫ్లాట్ సెవెన్ వేసి చూడండి. బేస్ ఎక్కడికో పోయినట్టుంటుంది, కానీ బి, ఎఫ్ స్వరాలు రెండు కార్డ్‌ల్లోనూ ఉన్నాయి. సి వైపు లాగే బిగువంతా ఆ జంటదే కాబట్టి పాట దారి తప్పదు. అయితే అదే సమయానికి గాయని డి స్వరం మీద నిలిచిందా, కింది డి ఫ్లాట్‌తో గరగరా ఒరుసుకుంటుంది. అక్కడ ఆ గరుకు కావాలో వద్దో పాట భావాన్ని బట్టి తేల్చుకోవాలి.

1940 జనవరిలో ఒక సోమవారం పొద్దున్నే బెర్లిన్ ఆఫీసుకి వచ్చిపడ్డాడు. సహాయకుడు హెల్మీ క్రెసాని కలం తీయమన్నాడు. పాడుతుంటే క్రెసా రాసుకున్నాడు. అది ‘వైట్ క్రిస్మస్’. 1942లో బింగ్ క్రాస్బీ తన మంద్ర గొంతుతో పాడిన ఆ పాట రికార్డులు 5 కోట్లు అమ్ముడయ్యాయని అంచనా.