నాలుగో స్థానం విలువ

2023 ఫిబ్రవరి 11, శనివారం. ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద ఎండ చురుక్కుమంటోంది. పక్కన కూర్చున్న కుర్రాళ్ళ ఒళ్లో గ్రూప్స్ మెటీరియల్ తెరిచే ఉంది గానీ మాటలన్నీ హుస్సేన్‌సాగర్ చుట్టే తిరుగుతున్నాయి.

"నిన్న ప్రాక్టీస్‌ల పోర్షే కారు గోడకు గుద్దిందంట అన్నా. డ్రైవర్ జర్మనీ ఆయన."

"గట్లనా? మరి ఇయ్యాల నడుపుతడా?"

నడుపుతాడు. చూడాలంటే ఇప్పుడే లేవాలి. మూడింటికి హుస్సేన్‌సాగర్ ఒడ్డున కరెంటు కార్ల రేసు.

క్యాంపస్ దాటి మీరు తార్నాక మెట్రో ఎక్కుతారు. మెట్టుగూడ వచ్చేసరికి ఫోన్‌లో ఆ డ్రైవర్ కథ చదవడం మొదలుపెడతారు. పాస్కల్ వెర్లైన్. 1994 అక్టోబర్‌లో పుట్టాడు. అతనికి నెల కూడా నిండకముందే షూమాకర్ ఫార్ములా వన్ టైటిల్ గెలిచిన తొలి జర్మన్ అయ్యాడు. అంతకుముందు 1961లో మరో జర్మన్ వోల్ఫ్‌గాంగ్ ఫాన్ ట్రిప్స్‌కు ఆ టైటిల్ చేతికందేదే, ఇంతలో మోంజా ట్రాక్ అతని ప్రాణం తీసింది. వెర్లైన్ 2015లో జర్మనీ టూరింగ్ కార్ల ఛాంపియన్. తర్వాత ఫార్ములా వన్‌లో మేనర్, సాబర్ జట్లలో రెండేళ్లు. రెండూ వెనక వరుసల కార్లే. తను ఉన్న ఏడాది మేనర్‌కు మొత్తానికి వచ్చిన ఒక్క పాయింటూ ఇతను తెచ్చిందే. 2018లో సీటు పోయింది. మళ్ళీ నిలదొక్కుకున్నది మన మహీంద్రా జట్టుతో, కరెంటు కార్లలో. అక్కడినుంచి పోర్షేకు.

అమీర్‌పేటలో రైలు మారి ఖైరతాబాద్‌లో దిగితే ఎన్టీఆర్ మార్గ్ గుర్తుపట్టలేనట్టుంది. డివైడర్ల చోట కాంక్రీటు గోడలు, వాటి మీద ఇనుప కంచె. నిన్న ప్రాక్టీసుకు ముందు ఊళ్ళో బళ్ళు కూడా ఈ ట్రాక్ మీదికి వచ్చేశాయి.

మొదటి కారు వచ్చేసింది. ఇంజిన్ గర్జన లేదు. చెవి పక్కనుంచి కందిరీగ దూసుకుపోయినట్టు ఒక సన్నటి కూత, అంతే. మలుపు చాలా దూరంలో ఉండగానే ఆ కూత స్థాయి దిగిపోతుంది. డ్రైవరు కాలు తీసేశాడన్నమాట. చక్రాల వేగం మోటార్ల ద్వారా మళ్ళీ కరెంటై బ్యాటరీలోకి వెళుతోంది. ఈ కారుకు వెనక చక్రాల దగ్గర మామూలు బ్రేకులే లేవు, ఆ పని మోటారే చేస్తుంది. ఎక్కడ తొక్కాలో అందరికీ తెలుసు. ఎక్కడ వదలాలో తెలిసినవాడికే చివరి ల్యాపులో కరెంటు మిగులుతుంది.

ముందున్నవాళ్ళ ఆట ఒక్కొక్కటే చెడుతోంది. హెయిర్‌పిన్ దగ్గర జాగ్వార్ కారును జాగ్వారే గుద్దింది. పోల్ నుంచి బయల్దేరిన ఇవాన్స్ రేసు అక్కడితో సరి. పాయింట్ల పట్టికలో వెర్లైన్ వెనకే ఉన్న డెన్నిస్‌కూ వెనకనుంచి దెబ్బ తగిలింది. ఈ గందరగోళంలో 94 నంబరు పోర్షే మధ్య వరుసల్లోంచి ఒక్కో స్థానమే పైకి వస్తోంది. నిన్న గోడకు గుద్దింది ఈ డ్రైవరే.

వెర్న్ గెలిచాడు. కాసిడీ అతని వెనకే, అర సెకను కూడా లేదు. వెర్లైన్ ఐదోవాడిగా గీత దాటాడు. మూడోవాడిగా వచ్చిన బ్యూమీ అనుమతికి మించి పవర్ వాడాడని పెనాల్టీ పడటంతో వెర్లైన్ నాలుగో స్థానానికి వచ్చాడు. పోడియం మీద అతను లేడు. కెమెరాలూ అటు తిరగలేదు.

స్టాండ్‌లో పక్క సీటు అబ్బాయి ఫోన్‌లో లెక్కేస్తున్నాడు. ఉన్నవి 68, నాలుగో స్థానానికి 12, మొత్తం 80. డెన్నిస్ 62 దగ్గరే ఆగాడు. పొద్దున ఆరు పాయింట్లుగా ఉన్న ఆధిక్యం సాయంత్రానికి పద్దెనిమిది.

ఆ సీజన్ చివరికి డెన్నిసే గెలిచాడు. మరుసటి ఏడాది, 2024 జూలైలో, లండన్‌లో టైటిల్ వెర్లైన్‌కు దక్కింది. రెండోవాడితో తేడా ఆరు పాయింట్లు, అంటే ఒక నాలుగో స్థానంలో సగం.