పడమటి సీమలో పసిడి వన్నె: గీటు నుంచి ముద్ర దాకా

కుప్పం పక్కన గుడుపల్లె మండలంలో చిగురుగుంట, బిసానత్తం గనులున్నాయి. సరిహద్దు దాటి కర్ణాటకలో అడుగుపెడితే కోలారు బంగారు గనులు. పుంగనూరు నుంచైనా, మదనపల్లె నుంచైనా కోలారు దారి దూరమేమీ కాదు. ఇంత బంగారు నేలకు ఆనుకుని బతికినా ఈ మూడు ఊళ్ళ జనం బంగారాన్ని ఏనాడూ పుట్టిన చోటు చూసి నమ్మలేదు. ఏ తరంలోనైనా వాళ్ళు మొదట అడిగింది ఒకే మాట: వన్నె ఎంత? ఆ ప్రశ్నకు జవాబు చెప్పే అధికారం ఎవరిదన్నది మాత్రం కాలం మారినప్పుడల్లా చేతులు మారింది. ఈనాడు ఉంగరం లోపలి అంచున భూతద్దం పెడితే తప్ప కనపడని ఆరక్షరాల సంఖ్యకు వెనుక రెండువేల ఏళ్ళ పైబడిన నడక ఉంది.

ఆ నడకకు మొదటి మైలురాయి కౌటిల్యుడి అర్థశాస్త్రం. మేలిమిని పదహారు వన్నెలుగా లెక్కించే పద్ధతి అందులోనే కనిపిస్తుంది. బంగారు పనిని కనిపెట్టుకుని ఉండే సువర్ణాధ్యక్షుడు, పనివాళ్ళు కూర్చునే అక్షశాల, ఒరగల్లు మీద గీటు చూసి వన్నె చెప్పే తీరు అన్నీ అందులో ఉన్నాయి. అంతకన్నా ఆసక్తికరమైనది దొంగతనాల జాబితా. తులావిషమం, అపసారణం, విస్రావణం, పేటకం, పింకం అని బంగారాన్ని కాజేసే ఐదు మార్గాలను ఆయన విడమరిచి చెప్పాడు. తక్కెడలో మోసం మొదలు, వన్నె తగ్గిన లోహాన్ని లోపల దాచి పైన మంచి రేకు తొడగడం దాకా దేన్నీ వదల్లేదు. ఒరగల్లు మీద గీటునే మార్చి చూపే చిట్కాలు కూడా రాశాడు. పరీక్ష పుట్టిన రోజే దాన్ని తప్పించుకునే తెలివీ పుట్టిందన్నమాట.

పదహారు వన్నెల లెక్క ఒక్క కొలువులకే పరిమితం కాలేదు, బడిలోకీ వచ్చింది. తొమ్మిదో శతాబ్దంలో రాష్ట్రకూట అమోఘవర్షుడి కాలంలో మహావీరాచార్యుడు రాసిన గణితసార సంగ్రహంలో వేర్వేరు వన్నెల బంగారాన్ని కలిపి కరిగిస్తే వచ్చే వన్నెను కట్టే లెక్కలున్నాయి. ఆ గ్రంథాన్నే పావులూరి మల్లన తెలుగు చేశాడు. పద్ధతి సులువే. పది వన్నెల బంగారం ఆరు మాడల ఎత్తు, పదహారు వన్నెలది మూడు మాడల ఎత్తు మూసలో వేశామనుకోండి. మొదటిది అరవై, రెండోది నలభై ఎనిమిది, కలిపితే నూటెనిమిది. మొత్తం ఎత్తు తొమ్మిదితో భాగిస్తే పన్నెండు వన్నెలు. నేటి అంగట్లో దీన్నే 18 క్యారెట్లు అంటారు, నగ మీద 750 అని కొడతారు. పదహారో వంతులు పోయి ఇరవైనాలుగో వంతులు వచ్చాయి, అవీ పోయి వెయ్యో వంతులు వచ్చాయి. లెక్క మాత్రం మల్లన లెక్కే.

విజయనగర కాలానికి వచ్చేసరికి వన్నెకు హామీ రాజముద్ర అయింది. మూడున్నర గ్రాములకు కాస్త తక్కువ తూగే వరహా, దానిలో సగమైన మాడ, ఇంకా చిన్న నాణేలు సంతల్లో తిరిగాయి. దేవుడి బొమ్మో రాజు పేరో ఉంటే ఆ బంగారం మాట చెల్లినట్టే. 1565లో తళ్ళికోట యుద్ధం తర్వాత రాజధాని పెనుకొండకూ, ఆ తర్వాత చంద్రగిరికీ చేరింది. ఏలికలు పెరిగారు, నాణేలూ పెరిగాయి. ఒక్కో టంకసాల బంగారం ఒక్కో తీరు. అప్పుడు పెత్తనం షరాబుల చేతికి వచ్చింది. నాణేన్ని తూచి, మోగించి, గీసి చూసి, వన్నె తగ్గినంత మేరకు వట్టం తీసి వెల కట్టేవాడు షరాబు. పుంగనూరు పాలెగాళ్ళ సీమలోనూ, కుప్పం ఉన్న కంగుంది పాలెగాళ్ళ సీమలోనూ శిస్తు కట్టే రైతుకు రాజుకన్నా షరాబు మాటే దగ్గరగా తగిలి ఉండాలి.

1800లో దత్తమండలాలు ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చి, థామస్ మన్రో ప్రధాన కలెక్టరుగా దిగిన నాటికి మదనపల్లె కడప జిల్లా కిందికి చేరింది. పుంగనూరు, కంగుంది జమీలు ఉత్తర ఆర్కాటు వైపు నిలిచాయి. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడే మూడూ ఒక గూటికి వచ్చాయి. ఈలోగానే 1818లో మద్రాసు రాజధానిలో వరహా లెక్క పోయి రూపాయి లెక్క స్థిరపడింది. నాణెంగా తిరిగే బంగారం తగ్గి, నగగా మెడలో నిలిచే బంగారమే మిగిలింది. అయితే సీమ నుంచి ఒక కొత్త నాణెం వచ్చింది, ఇంగ్లండు సవరన్. 22 క్యారెట్ల బంగారం, ఎనిమిది గ్రాములకు పిసరు తక్కువ. రాణి బొమ్మ, ఆ తర్వాత రాజుల బొమ్మలు ఉన్న ఆ కాసులు కొందరి ఇళ్ళలో కాసులపేర్లయ్యాయి. మద్రాసు వైపు పోకడ ఉన్న మన పడమటి సీమలో ఈనాటికీ పెళ్ళి బంగారాన్ని సవరన్లలోనే మాట్లాడుకోవడం ఆ నాణెం పెట్టిపోయిన అలవాటు. ఎనిమిది గ్రాములు, 22 క్యారెట్లు అన్న జోడు మన మనసుల్లో ముద్రపడింది అప్పుడే.

ఆ ఇంగ్లండులో నగకు ముద్ర వేసే చట్టం 1300లోనే వచ్చింది. మొదటి ఎడ్వర్డు కాలంలో చిరుతపులి తల గుర్తు పుట్టింది. 1478 నుంచి లండన్ కంసాలుల సంఘం భవనానికి సరుకు తెచ్చి పరీక్ష చేయించి ముద్ర వేయించుకోవలసి వచ్చింది. మనల్ని ఏలినవారు ఆ పద్ధతిని ఇక్కడ మాత్రం పెట్టలేదు. 1880లో జాన్ టేలర్ కంపెనీ కోలారు గనుల్లో దిగి, తవ్విన బంగారాన్ని ఓడలెక్కించింది. చిత్తూరు, ఉత్తర ఆర్కాటు పల్లెల కూలీలు ఆ గనుల్లోకి దిగారు. వాళ్ళు తవ్విన బంగారానికి లండన్‌లో ముద్ర పడింది గానీ వాళ్ళ ఆడవాళ్ళ ముక్కుపుడకకు పడలేదు.

ముద్ర లేకపోయినా మన ఊళ్ళలో పని సాగింది. ఎలాగంటే, ఇంటి ఆచారి ఉండేవాడు. తాతకు చేసినవాడి కొడుకు తండ్రికి, అతని కొడుకు మనవడికి నగలు చేసేవాళ్ళు. పాత నగ తెచ్చి ముందు పెడితే ఆచారి నల్లని గీటురాయి మీద దాని అంచుతో ఒక గీత గీసేవాడు. పక్కనే తెలిసిన వన్నె గల మచ్చుతో ఇంకో గీత. రెంటినీ వెలుతురులో పెట్టి రంగు పోల్చి, అవసరమైతే ఆమ్లం చుక్క వేసి, రాగి పాలు ఎక్కువైన గీత ఎంత చెదిరిందో చూసి వన్నె చెప్పేవాడు. తర్వాత మూస, కుంపటి, ఊదుగొట్టం. బంగారం కరిగి మళ్ళీ గట్టిపడే దాకా ఇంటివాళ్ళు ఎదురుగా కూర్చోవడం ఆనవాయితీ. గురిగింజలతో తూకం, తరుగుకు ఒక లెక్క, మజూరికి ఒక లెక్క. కుంపటి బూడిదనూ అంగడి మట్టినీ కొనుక్కుని నీళ్ళలో కడిగి రజను తీసే జలగడిగేవాళ్ళు ఉండేవారంటే, ఏ కణమూ పోనివ్వని వృత్తి అది. సామెతలు కంసాలిని అనుమానించాయి గానీ ఊరు అతన్ని వదులుకోలేదు. నన్నడిగితే ఆ సామెతలు అన్యాయమైనవి. వన్నె తగ్గడానికి చాలాసార్లు కారణం అతని మనసు కాదు, టంకం. అతుకు కరగాలంటే నగకన్నా తక్కువ వేడికి కరిగే లోహం కావాలి. అందులో రాగి, వెండి పాలు ఎక్కువుండాలి. గొలుసులో అతుకులు పెరిగేకొద్దీ కరిగించినప్పుడు వన్నె దిగుతుంది.

ఈ లోకం మీద పెద్ద దెబ్బ 1963 జనవరిలో పడింది. చైనా యుద్ధం ముగిసి, విదేశీ మారకం కరవై, దొంగ బంగారం ఏరులై పారుతున్న రోజులు. ఆర్థికమంత్రి మొరార్జీ దేశాయ్ బంగారం నియంత్రణ నిబంధనలు తెచ్చి, 14 క్యారెట్లకు మించిన నగలు కొత్తగా చేయకూడదన్నారు. పదహారు వన్నెలు తెలిసిన జనానికి అది బంగారంలా కనపడలేదు. కొనేవారు లేక కుంపట్లు ఆరాయి. దేశమంతటా కంసాలి కుటుంబాలు వీధిన పడ్డాయి, ఆత్మహత్యలు జరిగాయి. కొన్నేళ్ళకే ఆ హద్దు సడలింది గానీ, 1968 చట్టం లైసెన్సులూ లెక్కల పుస్తకాలతో ఇంకో రెండు దశాబ్దాలు నడిచి 1990లో రద్దయింది. ఆ ఇరవై ఏడేళ్ళలో ఎంతమంది ఆచారుల పిల్లలు గీటురాయి వదిలి వేరే ఉద్యోగాలకు వెళ్ళిపోయారో ఈ ఊళ్ళలో పాత కుటుంబాలను అడిగితే తెలుస్తుంది. ప్రభుత్వం బంగారం మోజు తగ్గించాలనుకుంది. తగ్గింది బంగారం తెలిసినవాళ్ళు.

ఆ ఖాళీలోకి అంగడి నగ వచ్చింది. ఎదురుగా కూర్చుని చేయించుకున్నది కాదు, కోయంబత్తూరులోనో ఇంకెక్కడో తయారై అద్దాల వెనుక వేలాడేది. చేసినవాడి మొహం కొన్నవాడికి తెలియదు. ముద్ర అవసరమైంది ఇక్కడే. అదే కాలంలో మదనపల్లె, రాయచోటి వైపు నుంచి కువైట్‌కు పనికి వెళ్ళినవాళ్ళు తెచ్చిన నగల మీద 21 అనో 875 అనో అంకెలుండేవి. అక్కడి వాడుక 21 క్యారెట్లు. చాలా ఇళ్ళలో ముద్ర పడిన మొదటి నగ అదే అయి ఉంటుంది. ఇక్కడి అంగళ్ళలో 916 కేడీఎం అన్న మాట మోగింది. కేడీఎం అంటే వన్నె కాదు, కాడ్మియం టంకం. వేడికి కాడ్మియం ఆవిరై పోతుంది కనుక అతుకు దగ్గర వన్నె తగ్గదు. కానీ ఆ ఆవిరి పీల్చిన పనివాడి ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. అందుకే ప్రమాణాలు దాన్ని కాదన్నాయి. ఇప్పటికీ కొందరు కేడీఎంను గొప్ప గుర్తుగా అడగడం విడ్డూరమే.

కుప్పం సరిహద్దుకు అవతల కృష్ణగిరి జిల్లా హోసూరులో టైటాన్ సంస్థ 1990లలో తనిష్క్ నగలు మొదలుపెట్టింది. 18 క్యారెట్లతో వచ్చి, జనం మొహం తిప్పుకోగానే 22కు మారింది. క్యారెట్ మీటరు అనే యంత్రాన్ని అంగట్లో పెట్టి, ఎవరి నగనైనా అక్కడే చూసి చెప్పడం వారి ఎత్తు. 22 అని కొన్నది అంత లేదని తెలుసుకున్న ఇల్లాళ్ళు కొత్తగా లెక్కలు అడగడం నేర్చారు. 2000 ఏప్రిల్‌లో భారత ప్రమాణాల సంస్థ, అంటే బీఐఎస్, ఐచ్ఛికంగా హాల్‌మార్కింగ్ ప్రారంభించింది. దాని మరుసటి ఏడే కోలారు గనులూ, వాటితో పాటు చిగురుగుంట గనులూ మూతపడ్డాయి. నేలలో బంగారం ఆగిన వేళ నగ మీద ముద్ర మొదలైంది.

తొలి ముద్రల్లో ఐదు గుర్తులుండేవి: బీఐఎస్ త్రికోణం, వన్నె అంకె, పరీక్షించిన కేంద్రం గుర్తు, ఏడాదిని చెప్పే అక్షరం, వర్తకుడి గుర్తు. 2000కు ఏ, 2001కి బీ అని అక్షరాలు నడిచాయి. ఐ అక్షరాన్ని వదిలేశారు గనుక పాత నగ మీద జే ఉంటే అది 2009 సరుకు కాదు, 2008ది. 2017లో ఏడాది అక్షరం తీసేసి నాలుగు చేశారు, వన్నెను క్యారెట్లతో కలిపి 22కె916 అని రాయించారు. 2021 జూలై నుంచి మూడే: త్రికోణం, వన్నె, అంకెలూ అక్షరాలూ కలిసిన ఆరింటి హెచ్‌యూఐడీ. ఏ రెండు నగలకూ ఒకే సంఖ్య ఉండదు. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ ఆరూ కొడితే ఏ వర్తకుడు ఏ కేంద్రంలో ముద్ర వేయించాడో, అది ఏ నగో, ఎంత వన్నెదో వస్తుంది. తప్పనిసరి నిబంధన 2021 జూన్‌లో 256 జిల్లాలతో మొదలై 2024 నవంబరు నాటికి 361 జిల్లాలకు పాకింది. 2023 ఏప్రిల్ 1 నుంచి, ఆ నిబంధన అమల్లో ఉన్న జిల్లాల్లో సంఖ్య లేని నగ అమ్మకూడదు. రెండు గ్రాముల లోపు వస్తువులకూ, ఏటా 40 లక్షల లోపు వ్యాపారం చేసే చిన్న వర్తకులకూ మినహాయింపు ఉంది.

కేంద్రంలో జరిగే పని చూస్తే పాత ఆచారి గుర్తుకు రాక మానడు. మొదట ఎక్స్‌రే యంత్రం పైపై వన్నె చెబుతుంది. ఆ తర్వాత నమూనా గీసి తీసి, వెండి కలిపి, సీసపు రేకులో చుట్టి పుటం పెడతారు. వెయ్యి డిగ్రీల కొలిమిలో చిన్న గిన్నె సీసాన్నీ రాగినీ పీల్చేసుకుంటుంది. మిగిలిన గుండును రేకుగా సాగగొట్టి నత్రికామ్లంలో వేస్తే వెండి కరిగిపోతుంది. నిలిచినదే మేలిమి. మొదటి తూకంతో దీన్ని భాగిస్తే వెయ్యికి 916 రావాలి. పుటం పెట్టడం కంసాలికి కొత్త కాదు. అంత సూక్ష్మమైన తూకమే కొత్త.

ముద్ర చెప్పేది వన్నె ఒక్కటే అన్న సంగతి చాలామంది మరిచిపోతారు. బరువు, రాళ్ళ ఎత్తు, తరుగు, మజూరి దానికి పట్టవు. టమోటా ధర బాగా పలికిన ఏడాది మదనపల్లె అంగట్లో గొలుసు కొన్న రైతు బిల్లులో ఇవన్నీ విడివిడిగా రాయించుకోవాలి. ధర పడిన ఏడాది అదే గొలుసును తాకట్టు పెట్టబోతే బ్యాంకు మదింపుదారు హెచ్‌యూఐడీ ఉన్నా సరే, చాలాచోట్ల ఇప్పటికీ నల్లరాయి తీసి ఒక గీత గీసే చూస్తాడు. ముద్ర ఉన్న నగలో వన్నె తగ్గిందని తేలితే, తగ్గిన విలువకు రెట్టింపూ పరీక్ష ఖర్చూ కొన్నవారికి ఇవ్వాలని 2018 బీఐఎస్ నిబంధనలు చెబుతున్నాయి. అమ్మమ్మల నాటి ముద్ర లేని నగలను ఇంట్లో ఉంచుకోవడానికీ, వర్తకుడికి అమ్ముకోవడానికీ ఏ అడ్డూ లేదు. కాకపోతే మార్చుకునే ముందు పరీక్ష కేంద్రానికి నేరుగా తీసుకెళ్ళి, కొద్దిపాటి రుసుము కట్టి, వన్నె కాగితం చేతిలో పెట్టుకుని అంగడి మెట్లెక్కడం మంచిది.