శాలరీలో ఉప్పెంత?

రోమన్ సైనికులకి జీతం కింద ఉప్పు ఇచ్చేవారట, లాటిన్‌లో ఉప్పుని ‘సాల్’ అంటారట, అందుకే ‘శాలరీ’ అనే మాట పుట్టిందట. ఈ కథ వినని ఉద్యోగి బహుశా ఉండడు. క్విజ్ పుస్తకాల్లో, ట్రైనింగ్ క్లాసుల్లో, వాట్సాప్‌లో తిరుగుతూనే ఉంటుంది. ఉప్పు తిన్న ఇంటికి ద్రోహం చెయ్యకూడదు అని విని పెరిగిన మనకైతే ఇంకా తొందరగా ఎక్కేస్తుంది.

ఇందులో సగం నిజమే. లాటిన్ ‘సలారియం’కి మూలం ‘సాల్’. క్రీ.శ. 79లో వెసూవియస్ పేలినప్పుడు చనిపోయిన ప్లినీ, తన ‘నేచురల్ హిస్టరీ’ 31వ భాగంలో ఉప్పు గొప్పతనం చెప్తూ ఈ రెండిటికీ ముడిపెట్టాడు. అంతవరకే. సైనికులకి ఉప్పు కొలిచి ఇచ్చారని ఆయన అనలేదు.

అసలు మామూలు సైనికుడి జీతం పేరు సలారియం కాదు, ‘స్టిపెండియం’. మన స్టైపెండ్ అక్కణ్ణుంచి వచ్చిందే. అగస్టస్ కాలంలో అది ఏడాదికి 225 డెనారియస్‌లు, మూడు వాయిదాల్లో. సలారియం అంటే ఎక్కువగా అధికారులకిచ్చే అలవెన్సు లాంటిది. ఫ్రెంచ్ మీదుగా ఇంగ్లీషులోకి వచ్చేసరికి అందరి జీతమూ అయిపోయింది.

ఇంతకీ సైనికుడికి ఏం ముట్టేది? క్రీ.శ. 81 నాటి లెక్కల కాగితం ఒకటి ఈజిప్టులో దొరికింది, ఇప్పుడు జెనీవాలో ఉంది. ప్రొక్యులస్ అనే సైనికుడి పే స్లిప్ అనుకోండి. ఒక వాయిదా 248 డ్రాక్మాలు. గడ్డికి 10, తిండికి 80, బూట్లూ పట్టీలకి 12, శిబిరంలో సాటర్నేలియా పండగ చందా 20, బట్టలకి 60. మొత్తం కటింగులు 182, మిగిలింది 66. ఆ మిగిలిందీ చేతికివ్వలేదు, అతని పేరున జమ చేశారు. పీఎఫ్ గుర్తొచ్చిందా? ఇంత వివరంగా రాసిన గుమాస్తా ఉప్పు ఊసే ఎత్తలేదు. జీతమూ డబ్బే, కోతలూ డబ్బే.

ఉప్పు కథ కన్నా నాకు ఈ కాగితమే నచ్చింది. పండగ చందా కూడా జీతంలోంచే కోసేసుకున్నారంటే ఆ సైన్యం మనకి ఎంత దగ్గరో చూడండి! కానీ ఇది ఎవరూ ఫార్వర్డ్ చెయ్యరు.

సైనికుడికీ జీతానికీ నిజంగా ముడిపడిన మాట కావాలంటే ‘సోల్జర్’ ఉంది. 4వ శతాబ్దంలో కాన్‌స్టాంటైన్ చక్రవర్తి తెచ్చిన బంగారు నాణెం ‘సోలిడస్’. దాన్నుంచే పాత ఫ్రెంచ్‌లో జీతం అనే మాట పుట్టింది, జీతం తీసుకుని యుద్ధం చేసేవాడు సోల్జర్ అయ్యాడు.